మొటిమలకు, ముక్కు మీద మానని మచ్చకు ‘పీడీటీ’ లైటు చికిత్స చేయించవచ్చా?

ప్రొద్దుటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇదీ. చెల్లెలికి 22 ఏళ్లు, మూడేళ్లుగా ముఖం నిండా మొటిమలు, అవి తగ్గాక నల్ల మచ్చలు. బెంగళూరులో ఒక క్లినిక్‌లో ఫోటోడైనమిక్ థెరపీ, అంటే పీడీటీ, నాలుగు సిట్టింగులు చేయించుకోమన్నారు. ఇంట్లో నాయనకు 63 ఏళ్లు, పొలం పని చేస్తారు, బీపీ మాత్రలు వాడుతున్నారు. ఆయన ముక్కు పక్కన నల్లటి మచ్చ ఒకటి రెండేళ్లుగా మానడం లేదు, అప్పుడప్పుడు రక్తం చెమ్మగిల్లుతుంది, దాని ఫొటో కూడా పంపారు. ఆయనకూ అదే లైటు పెట్టిస్తే సరిపోతుందా? పెద్దమ్మకు బొల్లి కోసం కర్నూలులో పెడుతున్న లైటు కూడా ఇదేనా? మన ఎండల్లో ఇవన్నీ చేయించుకోవచ్చా?

నేను కర్నూలులో చర్మవ్యాధుల డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ముందు నేరుగా జవాబు చెప్పేస్తాను.

చెల్లెలికి ఇప్పుడే పీడీటీ వద్దు. ముందు వాడాల్సిన మందులు సరిగ్గా వాడారో లేదో చూడాలి. నాయనకు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, అయ్యేదాకా ఏ లైటూ పెట్టించకండి, ఆ పని ఈ వారంలోనే మొదలుపెట్టండి. పెద్దమ్మకు పెడుతున్నది పూర్తిగా వేరే చికిత్స, దాన్ని మధ్యలో ఆపకండి.

పీడీటీకి మూడు కావాలి: చర్మంలోకి ఇంకే మందు, ఆ మందుకు తగిన రంగు వెలుతురు, కణాల్లో ఆక్సిజన్. ఎక్కువగా వాడే మందు అమైనోలెవులినిక్ యాసిడ్, పొట్టిగా ఏఎల్ఏ. దీని మిథైల్ రూపం ఎంఏఎల్ కూడా ఉంది. ఏఎల్ఏ మన ఒంట్లో సహజంగానే తయారవుతుంది, రక్తంలోని హీమ్ పుట్టే దారిలో అదొక మెట్టు. దాన్ని బయటినుంచి ఎక్కువగా పూస్తే కణాలు ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థంగా మార్చుకుంటాయి. వేగంగా పెరిగే చెడ్డ కణాలు, ముఖం మీది నూనె గ్రంథులు దాన్ని మిగతా చర్మం కన్నా ఎక్కువగా పోగేసుకుంటాయి. ఆపైన 410 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురో, 630 దగ్గరి ఎర్ర వెలుతురో పడితే ఒక చురుకైన ఆక్సిజన్ పుట్టి ఆ కణాన్ని లోపలినుంచే చంపుతుంది. నీలి వెలుతురు పైపైనే ఆగిపోతుంది. ఎరుపు ఇంకొంచెం లోతుకు వెళుతుంది, అయినా అది కొద్ది మిల్లీమీటర్లే. ఈ లోతు సంగతి గుర్తుపెట్టుకోండి, నాయన విషయంలో ఇదే ముఖ్యం.

1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులు వెలుతురు పడినప్పుడే తొందరగా చచ్చిపోతున్నాయని ప్రచురించాడు. ఇదంతా అక్కడ మొదలైంది. ఏఎల్ఏను చర్మం మీద పూసి చేసే పద్ధతి 1990లో వచ్చింది. 1999 డిసెంబరులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది, అదీ యాక్టినిక్ కెరటోసిస్ అనే జబ్బుకు. తెల్లచర్మం ఉన్న పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి ఎండ తగిలి ముఖం మీద, బట్టతల మీద వచ్చే గరుకు పెచ్చులు అవి. మన చర్మంలో మెలనిన్ అనే నల్ల రంగు పదార్థం ఎక్కువ కాబట్టి ఇక్కడ అవి చాలా అరుదు. బళ్లారి రోడ్డు పొలాల్లో జీవితమంతా ఎండలో పనిచేసినవాళ్లలో కూడా నేను చూసినవి తక్కువే. ఈ చికిత్సకు బలమైన ఆధారాలు ఏ జబ్బులకు ఉన్నాయో, అవి మన దగ్గర కనబడేవి కొద్దిమందిలోనే. ఫొటోలు పెట్టి ప్రకటన చేసే ఏ క్లినిక్ పేజీ చూసినా ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

ఇక చెల్లెలి సంగతి. మొటిమలకు పీడీటీ పనికిరాదని నేను అనను. వాచి, చీము పట్టిన మొటిమలు దీనితో తగ్గినట్టు అధ్యయనాలు ఉన్నాయి. మొటిమల్లో ఉండే బ్యాక్టీరియా తనంతట తానే అలాంటి పార్ఫిరిన్లు తయారు చేస్తుంది, నీలి వెలుతురు దాన్ని దెబ్బతీస్తుంది. ఏఎల్ఏ పూసి ఎర్ర వెలుతురు పెడితే నూనె గ్రంథులు కూడా నీరసిస్తాయి. కానీ మొటిమలకు దీన్ని వాడటం డాక్టరు విచక్షణ మీద జరిగేదే, ఎఫ్‌డీఏ ఇచ్చిన ఏఎల్ఏ అనుమతిలో మొటిమలు లేవు. మంట, వాపు, పెచ్చులు మామూలు. మన రంగు చర్మానికి అసలు భయం తర్వాత వచ్చే నలుపు. ఏ వాపు వచ్చినా మన చర్మం నల్ల మచ్చ మిగులుస్తుంది. మీ చెల్లెలికి ఇప్పటికే మొటిమ తగ్గిన ప్రతిచోటా మచ్చ పడుతోందని మీరే రాశారు. అలాంటి ముఖానికి వాపు తెచ్చే చికిత్స చేస్తే మచ్చలు ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. నంద్యాల వైపు నుంచి ఒక అమ్మాయి వేరే ఊళ్లో రెండు సిట్టింగులు అయ్యాక నా దగ్గరికి వచ్చింది. మొటిమలు సగం తగ్గాయి, బుగ్గలు రెండూ బొగ్గు రుద్దినట్టు నల్లబడ్డాయి. ఆ నలుపు పోవడానికి మొటిమలు తగ్గడానికి పట్టినదానికన్నా ఎక్కువ కాలం పట్టింది.

కాబట్టి ముందు ఇవి అడగండి. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపి కనీసం మూడు నెలలు మానకుండా రాసిందా? డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడిందా? నెలసరి సరిగ్గా వస్తోందా, గడ్డం కింద వెంట్రుకలు ఎక్కువవుతున్నాయా? అవుతుంటే హార్మోన్ పరీక్షలు కావాలి, లైటుతో ఆ సమస్య తీరదు. మొండి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర ఉంది, నూనె గ్రంథుల మీద అంత బలంగా పనిచేసేది ఇంకొకటి లేదు. అది వాడుతున్నప్పుడు, మానేసిన తర్వాత ఒక నెల దాకా గర్భం అసలు రాకూడదు, బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. 22 ఏళ్ల అమ్మాయి, సంబంధాలు చూస్తుంటారు కాబట్టి ఈ మాట డాక్టరుతో సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు కూడా చేయిస్తారు.

ఇంకొకటి, నన్ను బాగా బాధపెట్టేది. ముఖానికి ఏ క్రీము రాస్తోందో ట్యూబు చూసి చదవండి. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. తెల్లబడటానికని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబులతో ముఖాలు పాడైపోయి వచ్చే ఆడపిల్లలు మా ఓపీలో రోజూ ఉంటారు. దానివల్ల మొటిమలు పుడతాయి, చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది, మానేస్తే ముందు ఇంకా ఎక్కువవుతుంది. అలాంటి ముఖం మీద పీడీటీ చేస్తే ఆ మంట భరించలేరు. స్టెరాయిడ్‌ను డాక్టరు పర్యవేక్షణలో మాన్పించి, కొన్ని నెలలు చర్మాన్ని కోలుకోనిచ్చాకే మిగతా ఆలోచన.

ఇవన్నీ సరిగ్గా వాడినా తగ్గలేదు, ఐసోట్రెటినాయిన్ పడదు, అప్పుడు పీడీటీ గురించి మాట్లాడుకోవచ్చు. గుంటలు పడిన మచ్చలకు అది పనిచేయదు, వాటి చికిత్స వేరు. పెళ్లి నెల రోజుల్లో ఉంటే మాత్రం ముఖం మీద ఏ కొత్త ప్రయోగమూ వద్దు.

నాయన మచ్చ గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఫొటో చూసి జబ్బు పేరు నేను చెప్పను. అయితే అరవై దాటినవారికి ముక్కు పక్కన, నల్లగా, అంచు ముత్యంలా మెరుస్తూ కాస్త లేచి, మధ్యలో పుండై, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగేది అంటే మాకు ముందు అనుమానం వచ్చేది బేసల్ సెల్ కార్సినోమా మీద, బీసీసీ అంటాం. ఇది చర్మ క్యాన్సర్లలో నెమ్మదైనది, ఒంట్లో మరో చోటికి పాకడం చాలా అరుదు. టెన్షన్ పడి నిద్ర మానుకోవాల్సిన అవసరం లేదు. కానీ వదిలేస్తే ఉన్నచోటే తింటూ పోతుంది, ముక్కు మృదులాస్థి, కంటి మూల దాకా వెళ్లవచ్చు. నల్ల మచ్చ కాబట్టి మెలనోమా, అంటే రంగు కణాల్లో పుట్టే ప్రమాదకరమైన క్యాన్సర్, కాదని కూడా తేల్చుకోవాలి. దానికి ఒకటే దారి, బయాప్సీ. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీసి ఒక కుట్టు వేస్తారు. ఊళ్లో ‘ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతాది’ అంటారు. అది నిజం కాదు. ఆ భయంతో ఏళ్లు పోగొట్టుకుని, ముక్కు సగం పోయాక వచ్చినవాళ్లను చూశాను. నల్లజీడి రసం, సున్నం పెట్టి కాల్చడం కూడా చేయనివ్వకండి. పైన మాడి, లోపల జబ్బు అలాగే ఉంటుంది, తర్వాత బయాప్సీలో కూడా అంతా గజిబిజి అవుతుంది.

‘లైటుతో పోతాది గదా సార్, కోత ఎందుకు’ అని నాయన అడుగుతారు. దాదాపు అందరూ అడుగుతారు. పీడీటీ బాగా పనిచేసే బీసీసీ వేరు. అది పలచగా, పైపైన పరుచుకుని, ఎక్కువగా వీపు మీదో ఛాతీ మీదో ఉండే రకం. మనవాళ్లలో వచ్చే బీసీసీ ఎక్కువగా నల్లగా ఉంటుంది. ఆ నలుపే, అంటే మెలనినే, వెలుతురును పీల్చేసుకుంటుంది. మందు దగ్గరికి చేరాల్సిన వెలుతురు చేరదు. గడ్డలా లేచినదైతే లోతు కూడా అడ్డం. ముక్కు, కంటి చుట్టుపక్కల వచ్చేవి మళ్లీ తిరగబెట్టే రకాలు. అక్కడ లైటు పెడితే పై చర్మం నున్నగా మూసుకుపోయి, అడుగున కణాలు నెమ్మదిగా పెరుగుతూనే ఉండవచ్చు. మీకు తగ్గిందనిపిస్తుంది, రెండేళ్ల తర్వాత ఇంకా పెద్దదై బయటపడుతుంది. అందుకే ముక్కు మీది బీసీసీకి ఆపరేషనే సరైన దారి. చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసి, అంచుల్లో జబ్బు మిగల్లేదని పాథాలజీలో చూస్తారు. పెద్ద నగరాల్లో కొన్నిచోట్ల మోస్ సర్జరీ ఉంది, పొర పొరగా తీస్తూ అక్కడికక్కడే మైక్రోస్కోపులో చూసుకుంటూ పోతారు. ముఖం మీద చర్మం ఎక్కువ పోకుండా కాపాడుకోవడానికి అది చాలా మంచిది.

పీడీటీని నేనే రాసి పంపిన కేసు కూడా చెబుతాను. అనంతపురం వైపు ఒక జేజి, డెబ్బై దాటింది, ఇరవై ఏళ్ల షుగరు. మోకాలి కింద ఎర్రటి పెచ్చు, గజ్జి అనుకుని ఏళ్ల తరబడి ఆయింట్‌మెంట్లు పూసింది. బయాప్సీలో బోవెన్స్ డిసీజ్ అని వచ్చింది, అంటే చర్మం పై పొరలోనే ఉన్న క్యాన్సర్. ఆ వయసులో, ఆ షుగరుతో, పిక్క మీద కోస్తే గాయం మానడం కష్టం. జబ్బు పలచగా, పైపైన ఉంది. ఇలాంటి చోటే పీడీటీకి సాటి లేదు. హైదరాబాదు పంపించాను. పెచ్చును మెల్లగా గీకి, ఎంఏఎల్ క్రీము పూసి, కట్టు కట్టి మూడు గంటలు ఉంచారు. తర్వాత ఎర్ర లైటు. వారం తర్వాత మళ్లీ ఒకసారి. లైటు పెట్టిన కొద్ది నిమిషాలూ మిరపకాయ పూసినట్టు మండిందని చెప్పింది. ఫ్యాను పెట్టి, చల్లటి నీళ్లు చల్లి, మధ్యలో ఒకసారి ఆపి పూర్తి చేశారు. గాయం మానింది, తర్వాతి పరీక్షల్లో తిరగబెట్టలేదు. ఏ జబ్బుకు ఏది అన్నది ఇలా కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఎండ విషయం. మన జిల్లాల్లో పీడీటీ చేయించుకునేవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అయినా క్లినిక్కుల్లో చాలాసార్లు ఒక్క ముక్కలో చెప్పి పంపిస్తారు. చర్మం మీద పూసిన మందు ప్రభావం దాదాపు 48 గంటలు ఉంటుంది. ఆ రెండు రోజులూ మామూలు పగటి వెలుతురు కూడా అక్కడ చికిత్స కొనసాగిస్తుంది, అంటే కాలిపోతుంది. ఇక్కడ పనిచేసేది కంటికి కనబడే వెలుతురు. మామూలు సన్‌స్క్రీన్ అల్ట్రావయొలెట్‌ను ఆపుతుంది కానీ దీన్ని ఆపదు. కిటికీ అద్దం ఆపదు, బస్సు అద్దం ఆపదు, హెల్మెట్ ముందు అద్దం అసలే ఆపదు. పలచటి చున్నీ, పైట కొంగు చాలవు, వెలుతురు దూరని మందపాటి ముదురు రంగు గుడ్డ కావాలి. బెంగళూరులో మధ్యాహ్నం ముఖానికి లైటు పెట్టించుకుని అదే పగటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రొద్దుటూరు రావడం ఎంత మాత్రం వద్దు. సాయంత్రానికి పూర్తయ్యేలా సమయం తీసుకోండి, రాత్రి ప్రయాణం చేయండి, తర్వాతి రెండు రోజులు ఇంట్లో కిటికీలకు దూరంగా ఉండాలి. మామూలు బల్బులు, టీవీ, ఫోనుతో ఇబ్బంది లేదు. మబ్బు పట్టినా బయటికి రాకూడదు. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండ తీరు తెలిసిందే, తొందర లేని చికిత్సలను నేను చలికాలానికి వాయిదా వేస్తాను.

యూరప్‌లో క్రీము పూసి రెండు గంటలు ఆరుబయట పగటి వెలుతురులో ఉంచే పద్ధతి కూడా ఉంది, అది యాక్టినిక్ కెరటోసిస్‌కు. ఇంటర్నెట్‌లో చదివి ‘మనకు ఎండకేం కొదవ’ అని ఇంటి మిద్దె మీద సొంతంగా చేసుకోవద్దు.

పెద్దమ్మకు పెట్టేది నారోబ్యాండ్ యూవీబీ. 311 నానోమీటర్ల దగ్గరి అల్ట్రావయొలెట్, మందు పూయరు, కణాలను చంపడం దాని పని కాదు. బొల్లిలో రంగు కణాలను తినేస్తున్న రోగనిరోధక దాడిని అణచి, వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన రంగు కణాలను నిద్ర లేపుతుంది. అందుకే మచ్చ మధ్యలో వెంట్రుక చుట్టూ గోధుమరంగు చుక్కలుగా రంగు తిరిగి వస్తుంది. ముఖం, మెడ బాగా స్పందిస్తాయి. వేళ్ల కొనలు, పెదవులు, వెంట్రుకలు కూడా తెల్లబడిన మచ్చలు కష్టం. వారానికి రెండు మూడుసార్లు, వరుస రోజుల్లో కాకుండా పెట్టాలి. కనీసం 48 సార్లు పెట్టాకే పని చేయట్లేదని అనుకోవాలి. ఎక్కువమంది పదిహేను ఇరవై సార్లకే విసిగి ఆపేస్తారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే సరిగ్గా ఆ తర్వాతే చుక్కలు మొదలవుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వారానికి రెండు రోజుల కూలి పోగొట్టుకుని రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. మచ్చలు కొద్దిగా ఉంటే ఇంట్లో పెట్టుకునే చేతి దీపాలు ఉన్నాయి, డోసు రాసి ఇవ్వమని డాక్టరును అడగండి. మధ్యలో రెండు మూడు వారాలు మానేస్తే పాత డోసుతో మొదలుపెట్టకూడదు, తగ్గించాలి. కళ్లద్దాలు తప్పనిసరి. అది పెట్టించుకున్న రోజు మళ్లీ ఎండలో తిరగకూడదు.

బొల్లి ఉన్నవారికి బావంచాలు నూరి పూసి ఎండలో నిలబడమని చెప్పేవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. బావంచాల్లో సోరాలెన్ ఉంది, అది నిజంగా పనిచేసే పదార్థమే, ఆధునిక వైద్యంలో పువా చికిత్సకు (సోరాలెన్ ఇచ్చి అల్ట్రావయొలెట్ ఏ వెలుతురు పెట్టడం) వాడేదీ ఆ జాతి మందే. కానీ ఎంత పూశారు, ఎంతసేపు నిలబడ్డారు అన్న లెక్క లేకపోతే మన మే నెల ఎండకు చేతి నిండా బొబ్బలు లేస్తాయి. లైటు పెట్టించుకుంటూ పక్కన ఇది కూడా పూస్తే ఇంకా ప్రమాదం.

ఏ లైటూ పెట్టకూడని మనుషులు కూడా కొందరు ఉన్నారు. పార్ఫీరియా (ఒంట్లో పార్ఫిరిన్లు పేరుకునే జబ్బు) ఉన్నవారు, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవారు, ఎండ తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కేవారు. మన వైపు నేను ఎక్కువగా జాగ్రత్తపడేది వయ్యారిభామ అలర్జీ మీద. కాంగ్రెస్ గడ్డి అంటారు కొందరు. గట్ల మీద ఆ మొక్క గాలికి తగిలి, రైతుల ముఖం, మెడ, మోచేతి మడతలు, కనురెప్పలు నల్లగా మందంగా దురదపెడతాయి, కొన్నేళ్లకు ఎండ కూడా పడకుండా అవుతుంది. వీరిని సోరియాసిస్ అనుకుని లైటు కింద నిలబెడితే మంటెక్కిపోతారు. నాయన పొలం పని చేస్తారు కాబట్టి ఈ మాట డాక్టరుకు ముందే చెప్పండి. వాడుతున్న బీపీ మాత్రల చీటీ కూడా చూపండి, వాటిలో హైడ్రోక్లోరోథయజైడ్ లాంటివి చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేస్తాయి. చెల్లెలు డాక్సీసైక్లిన్ మింగుతుంటే అదీ అంతే.

బెంగళూరు క్లినిక్‌కు ఫోన్ చేసి అడగండి: పూసే మందు పేరేమిటి, ఎంతసేపు ఉంచుతారు, ఏ రంగు లైటు, తర్వాత ఎన్ని గంటలు వెలుతురుకు దూరంగా ఉండాలి? మందు పూయకుండా లైటు మాత్రమే పెడతామంటే అది పీడీటీ కాదు. ఎల్ఈడీ మాస్కో, ఐపీఎల్ అనే మెరుపు లైటుతో చేసే ఫొటోఫేషియలో అయి ఉంటుంది. పేరు ఒకటి చెప్పి డబ్బు ఇంకొకదానికి తీసుకునే చోట ఇంకే సిట్టింగూ వద్దు.

నాయన్ను కడప రిమ్స్‌లోనో, కర్నూలు పెద్దాసుపత్రిలోనో చర్మ విభాగం ఓపీకి తీసుకెళ్లండి, ఏది దగ్గరైతే అది. పాథాలజీ రిపోర్టు వచ్చాక అందులో బీసీసీ రకం ఏమని రాశారో, ఎంత లోతుకు దిగిందో, పిగ్మెంట్, అంటే నల్ల రంగు, ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి. ఆపరేషన్ ఎక్కడ, ఎలా అన్నది అప్పుడు వివరంగా చెబుతాను.